ఒక్కో పేపరుకు ఒక్కో పేరా రాస్తే లిటరేచర్ రివ్యూ అవుతుందా?

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్న ఒక విద్యార్థిని ప్రశ్న ఇది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు మీద డిసర్టేషన్ తీసుకున్నారు. ఇప్పటికే 60 పేపర్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నారు. సీనియర్ల థీసిస్‌లు తిరగేస్తే ఒక్కో పేపరుకు ఒక్కో పేరా చొప్పున రాసి ఉందట. "నేనూ అలాగే రాయాలా? ఎన్ని పేపర్లు ఉండాలి? గత ఐదేళ్లవే తీసుకోవాలా? నెల రోజుల్లో చాప్టర్ ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. పేపర్ల వారీగా రాయకండి, ప్రశ్నల వారీగా రాయండి. "ఫలానా వారు ఫలానా ఏడాది ఇంతమందిని పరీక్షించారు, ఇది తేలింది" అంటూ 60 పేరాలు పేర్చితే అది జాబితా అవుతుంది. మీ విషయంలో ఇప్పటిదాకా ఏం తెలిసింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఎవరి మాటకు ఎవరి మాట పొసగడం లేదు, అందులో మీ అధ్యయనం ఏ ముక్కను పట్టుకుంటుంది అనేవి చెబితే రివ్యూ అవుతుంది. ఆ పని ఒక పట్టికతో మొదలవుతుంది. కుదురుగా కూర్చుంటే నెల రోజులు సరిపోతాయి.

నేను కమ్యూనిటీ హెల్త్ పాఠాలు చెబుతూ, డిసర్టేషన్లకు గైడ్‌గా ఉంటూ ఇరవై ఏళ్లు దాటింది. రివ్యూ చాప్టర్ దగ్గర పిల్లలు పడే అవస్థ నాకు బాగా తెలుసు. మీ విషయం ఉద్దానమే కాబట్టి ఉదాహరణలు కూడా అక్కడి నుంచే తీసుకుంటాను.

ఆ 60 ఫైళ్లను ఒక రెండు రోజులు పక్కన పెట్టండి. తెల్ల కాగితం మీద మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. "ఉద్దానం కిడ్నీ జబ్బు" అన్నది ప్రశ్న కాదు. అందులో ఉన్నది ఒక ప్రాంతం పేరు, ఒక జబ్బు పేరు, అంతే. "కవిటి, సోంపేట మండలాల్లో జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లు పని వేళల్లో నీళ్లు ఎంత తాగుతున్నారు, తక్కువ తాగితే ఎందుకు?" అన్నది ప్రశ్న. "డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల మీద ఎంత భారం పడుతోంది?" అన్నది ఇంకో ప్రశ్న. రెండూ ఉద్దానం గురించే, కానీ చదవాల్సిన పేపర్లు వేరు. మొదటిదానికి ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం గురించి చదవాలి. రెండోదానికి ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ల మీద పడే భారం గురించి చదవాలి. మీ 60 పేపర్లలో అలాంటిది ఒక్కటీ లేకపోవచ్చు. ప్రశ్న తేలకముందే డౌన్‌లోడ్ మొదలుపెడితే ఇలాగే అవుతుంది, ఇది దాదాపు అందరూ చేసేదే. అవి వృథా అయిపోయాయని బాధపడకండి, సగమైనా పనికొస్తాయి.

మిగతా సమాధానానికి మొదటి ప్రశ్నే మీది అనుకుంటాను.

వెతకడం గురించి. "ఉద్దానం" అన్న ఒక్క మాట పెట్టి వెతికితే తక్కువే దొరుకుతాయి. ఈ రకం జబ్బుకు ఒక్కో చోట ఒక్కో పేరుంది. మన దగ్గర ఉద్దానం నెఫ్రోపతి అంటారు. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకు వస్తున్నదాన్ని మెసోఅమెరికన్ నెఫ్రోపతి అంటారు. శ్రీలంకలో అనురాధపురం, పొలొన్నరువ వైపు 1990ల నుంచి కనిపిస్తున్నదాన్ని సీకేడీయూ, అంటే కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. వ్యవసాయ సమాజాల్లో వచ్చే ఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్ అని పిలిచే పరిశోధకులూ ఉన్నారు. వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో ఈ పేర్లన్నిటి మధ్యా "ఆర్" (OR) పెట్టి ఒక గుంపుగా రాయండి. నీళ్లు తాగడం, డీహైడ్రేషన్, ఎండ తాకిడి లాంటి మాటలన్నీ మధ్య "ఆర్"తో మరో గుంపు చేయండి. రెండు గుంపులనూ "ఆండ్" (AND)తో కలపండి. ఒక చిన్న జాగ్రత్త: జబ్బు కారణం అని అర్థమిచ్చే ఎటియాలజీ అన్న మాటను అమెరికా వాళ్లు "ఈ" అక్షరంతో, బ్రిటిష్ పద్ధతిలో రాసేవాళ్లు "ఏఈ"తో మొదలుపెడతారు. రెండు స్పెల్లింగులూ వేయండి. దీని వల్ల ముఖ్యమైన పేపరు తప్పిపోయిన వాళ్లను నేను చూశాను.

మంచి పేపరు ఒకటి దొరికితే దాని తోక పట్టుకుని రెండు వైపులా వెళ్లండి. దాని చివర ఉన్న రిఫరెన్సులు చూస్తే వెనక్కి వెళ్తారు. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపరు కింద, దాన్ని ఎవరెవరు ఉటంకించారో చూపే లింకు నొక్కితే ముందుకు వస్తారు. నా అనుభవంలో సగం మంచి పేపర్లు ఈ దారిలోనే దొరుకుతాయి. మన యూనివర్సిటీల్లో వచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌ల కోసం శోధ్‌గంగ చూడండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఉచిత భాండాగారం అది. జర్నల్‌లో రాని వివరాలు, ప్రశ్నావళులు థీసిస్ వెనుక అనుబంధాల్లో ఉంటాయి, మీ టూల్ తయారీకి పనికొస్తాయి.

పేపరు డబ్బు కట్టమని అడిగితే అక్కడే ఆగిపోకండి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచిత ప్రతి ఉందేమో చూడండి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే లైబ్రేరియన్‌ను అడగండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. ఏదీ కుదరకపోతే పేపరు రాసినవాళ్లకే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. చాలామంది సంతోషంగా పంపుతారు.

వెతికిన ప్రతిసారీ తేదీ, ఎక్కడ వెతికారు, ఏ మాటలు వేశారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉంచుకున్నారు అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోండి. రిఫరెన్సులు దాచుకోవడానికి జోటెరో వాడండి, అది ఉచితం. మొదటి రోజు నుంచే వాడితే చివరి వారంలో రిఫరెన్సులు చేత్తో సరిచేసుకునే బాధ ఉండదు.

ఇప్పుడు పట్టిక. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది దీని గురించే.

ఎక్సెల్‌లో అయినా, పెద్ద డ్రాయింగ్ షీటు మీద అయినా సరే. ఒక్కో పేపరుకు ఒక అడ్డ వరుస. నిలువు గడుల్లో ఇవి రాయండి: ఎక్కడ చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతమందిని, ఎలా ఎంచుకున్నారు, కిడ్నీ జబ్బు అని దేన్ని లెక్కేశారు, పరీక్ష ఒకసారి చేశారా మళ్లీ చేశారా, ఏం తేలింది, వాళ్లే ఒప్పుకున్న లోపాలు ఏమిటి, నాకొచ్చిన అనుమానం ఏమిటి.

"దేన్ని లెక్కేశారు" అన్న గడిని పిల్లలు ఖాళీగా వదిలేస్తారు. నిజానికి మీ రివ్యూకు ప్రాణం అందులోనే ఉంది. కిడ్నీ వైద్యులు పాటించే కేడీఐజీఓ మార్గదర్శకాల ప్రకారం ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) 60 కంటే తక్కువ ఉండటమో, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం లాంటి దెబ్బతిన్న గుర్తులు ఉండటమో మూడు నెలలకు మించి సాగితేనే దీర్ఘకాలిక జబ్బు. మరి ఊళ్లో క్యాంపు పెట్టి ఒక్కసారే రక్తం తీసిన సర్వే ఏం చెబుతుంది? ఆ రోజు ఎండలో పనిచేసి, నీళ్లు తాగక, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) కాస్త పెరిగిన మనిషి కూడా రోగుల లెక్కలో పడే వీలుంది. మీ ప్రశ్న నీళ్లు తాగడం గురించే కాబట్టి ఈ తేడా మీకు మరీ ముఖ్యం.

ఉద్దానం మీదే రెండు పెద్ద సర్వేలు తీసుకోండి. రెండూ కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో వచ్చాయి. 2019లో వచ్చినది 2,210 మందిని చూసి 18.23 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని చెప్పింది. 2020లో వచ్చినది సుమారు 2,400 మందిని చూసి 21 శాతం దాకా చెప్పింది. సాధారణంగా విద్యార్థులు ఏం రాస్తారంటే:

"2019లో ఒక బృందం ఉద్దానంలో 2,210 మందిపై అధ్యయనం చేయగా 18.23 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. 2020లో మరొక బృందం సుమారు 2,400 మందిపై అధ్యయనం చేయగా 21 శాతం మందికి ఉన్నట్టు తేలింది."

ఇందులో తప్పేమీ లేదు, కానీ చదివినవాళ్లకు కొత్తగా ఏమీ అర్థం కాదు. ఇదే సమాచారంతో ఇలా రాయొచ్చు:

"ఉద్దానంలో జబ్బు తీవ్రత మీద పెద్దగా భేదాభిప్రాయం లేదు. వేర్వేరు బృందాలు చేసిన రెండు సర్వేల్లోనూ సుమారు ఐదుగురిలో ఒకరికి జబ్బు లక్షణాలు కనిపించాయి. అయితే రెండూ ఒక సమయంలో ఉన్న స్థితిని చూసిన అధ్యయనాలే. జబ్బు ఉన్నవారిలో ఏ అలవాటు కనిపించినా అది జబ్బుకు ముందు నుంచీ ఉందా, జబ్బు వచ్చాక మొదలైందా అని ఇవి చెప్పలేవు. నీళ్లు తాగడం విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ, ఎందుకంటే కిడ్నీ జబ్బు ముదిరినవారికి నీళ్లు తగ్గించమని వైద్యులే చెబుతారు."

చూడండి, మొదటి వాక్యమే ఒక మాట చెప్పింది. పేపర్లు ఆ మాటకు సాక్ష్యంగా నిలబడ్డాయి. చివరి వాక్యం మిమ్మల్ని మీ అధ్యయనం దగ్గరికి తీసుకొచ్చింది. ప్రతి పేరా ఇలాగే మీ మాటతో మొదలవ్వాలి, పరిశోధకుల పేరుతో కాదు. 18కీ 21కీ ఉన్న తేడా ఎందుకు వచ్చిందో రెండు పేపర్ల పద్ధతుల భాగం పక్కపక్కన పెట్టుకుని మీరే చూడండి. వయసు ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఊళ్లను ఎలా ఎంచారు, ఏ ఫార్ములాతో ఈజీఎఫ్‌ఆర్ కట్టారు అన్నవి చూస్తే ఒక మంచి పేరా దానంతట అదే వస్తుంది.

పట్టిక నిండాక అడ్డంగా కాకుండా నిలువుగా చదవండి. ఒకే గడిని పై నుంచి కిందికి చదువుతుంటే గుంపులు కనబడతాయి. మీ విషయంలో బహుశా ఇలా తేలుతుంది: జబ్బు ఎంతమందికి ఉంది అని చెప్పేవి కొన్ని, నీటిలో లోహాలు, ఫ్లోరైడ్, సిలికా గురించి కొన్ని, పురుగుమందుల గురించి కొన్ని, ఎండ గురించి కొన్ని, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడటం గురించి కొన్ని. ఇవే మీ ఉపశీర్షికలు. అన్నిటికీ సమానంగా పేజీలు ఇవ్వక్కర్లేదు. మీ ప్రశ్నకు దగ్గరైనదానికి నాలుగు పేజీలు, దూరమైనదానికి అర పేజీ చాలు.

ప్రతి పేపరు ఏ రకందో రాసుకోండి. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. 2014లో శ్రీలంక నుంచి ఒక పేపరు వచ్చింది. గ్లైఫోసేట్ కలుపు మందు, కఠిన జలం, లోహాలు కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుండవచ్చని అందులో ప్రతిపాదించారు. అది పరికల్పన, అంటే "ఇలా జరిగి ఉండొచ్చు, పరిశీలించండి" అని చెప్పే వ్యాసం. 2015లో శ్రీలంక ప్రభుత్వం గ్లైఫోసేట్‌ను నిషేధించింది, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. విద్యార్థుల చాప్టర్లలో మాత్రం ఆ పేపరు "గ్లైఫోసేట్ వల్ల కిడ్నీ జబ్బు వస్తుందని తేలింది" అని కనిపిస్తుంది. తేలలేదు, ప్రతిపాదించారు. ఆ ఒక్క క్రియాపదం మార్చితే మీ రివ్యూ నిజాయితీ మారిపోతుంది. పురుగుమందులు నిర్దోషులు అని నేను అనడం లేదు. ఏ పేపరు ఎంత బరువు మోయగలదో అంతే మోయించాలి అంటున్నాను.

అలాగే ఒక చోటి కారణాన్ని ఇంకో చోటికి మోసుకురావడంలో తొందర వద్దు. మధ్య అమెరికాలో ఎండ సిద్ధాంతం బలంగా ఉంది. అక్కడి చెరకు తోటల్లో కూలీలకు నీళ్లు, విశ్రాంతి, నీడ ఏర్పాటు చేసి ఫలితం ఉంటుందా అని కూడా చూశారు. కానీ చెరకు నరికేవాడి పని వేరు, జీడి, కొబ్బరి, పనస తోటల్లో పని వేరు. ఇక్కడి తోటల్లో నీడ ఉంది, పని తీరు మారుతుంది, సముద్రం దగ్గర. అక్కడిది ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుంది అని మీరు అడిగితే అదే మీ రివ్యూలో గట్టి భాగం అవుతుంది.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నా పీహెచ్‌డీ వైవాలో ఎగ్జామినర్ ఒక అంకె మీద వేలు పెట్టి "ఈ పేపరు చదివారా?" అని అడిగారు. నేను చదవలేదు. మరో పేపర్లో ఆ అంకెను చూసి, దాని రిఫరెన్సుతో సహా ఎత్తి రాసుకున్నాను. అసలు పేపర్లో ఆ శాతం ఆసుపత్రికి వచ్చిన రోగులది. నేను దాన్ని ఊరి జనం మొత్తానికి అంటగట్టాను. ఆయన కోప్పడలేదు, సరిచేసి తెమ్మన్నారు. ఆ రోజు పడ్డ సిగ్గు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి నా విద్యార్థులకు ఒకటే నియమం పెట్టాను: మీరు తెరిచి చదవని పేపరు మీ రిఫరెన్సుల్లో ఉండకూడదు.

ఈ నియమం ఇప్పుడు ఇంకా అవసరం. ఈ మధ్య ఒక అబ్బాయి తెచ్చిన చాప్టర్లో రెండు రిఫరెన్సులు వెతికితే ఎక్కడా లేవు. ఏఐ చాట్‌బాట్‌ను అడిగి తీసుకున్నాడు. జర్నల్ పేరు నిజమే, పేపరు మాత్రం లేదు. చాట్‌బాట్‌లను పేపర్లో కష్టమైన పేరా అర్థం చేసుకోవడానికి అడగండి, ఇంగ్లిష్ దిద్దుకోవడానికి మీ కాలేజీ ఒప్పుకుంటే వాడండి. రిఫరెన్సులు మాత్రం తీసుకోకండి. ప్రతి పేపరుకూ ఉండే గుర్తింపు నంబరు, డీఓఐ, తెరిచి చూడండి. ఆ పేపరును తర్వాత జర్నలే వెనక్కి తీసుకుందేమో కూడా గమనించండి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పేపరును 2010లో వెనక్కి తీసుకున్నారు. అలాంటివి పబ్‌మెడ్‌లో పేజీ మీదే హెచ్చరికతో కనిపిస్తాయి.

చదివే తీరు గురించి రెండు మాటలు. మొదటి నుంచి చివరి దాకా చదవకండి. అబ్‌స్ట్రాక్ట్ చూసి ఉంచాలా వద్దా తేల్చుకోండి. ఉంచినవాటిలో పద్ధతుల భాగం, పట్టికలు, లోపాల పేరా చదవండి. ఆ తర్వాతే చర్చ. చర్చ ముందు చదివితే రచయిత అభిప్రాయమే మీ అభిప్రాయం అయిపోతుంది.

నోట్సు రాసేటప్పుడు పేపరు మూసేయండి. మూసేసి, తెలుగులో రాయండి. నా దగ్గర చేసిన ఒక అమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ వాక్యాలను అటూ ఇటూ మార్చి రాసేది, ప్లేజియరిజం రిపోర్టు ప్రతిసారీ ఎర్రగా వచ్చేది. దొంగతనం చేయాలని కాదు, సొంత వాక్యం రాయడానికి భయం. "పేపరు మూసి మీ అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో ఐదు వాక్యాలు రాయి, మర్నాడు వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చు" అన్నాను. మూడు వారాల్లో చాప్టర్ మొత్తం తిరగరాసింది. ఇంగ్లిష్ సాదాగా ఉంది, కానీ ప్రతి వాక్యం ఆమెదే. అర్థం కానిది ఏదో కూడా ఈ పద్ధతిలో వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే అర్థం కానిదాన్ని తెలుగులో చెప్పలేం. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతతో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. అది దాటి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. సొంతంగా రాసినవాళ్లు ఈ అంకెల గురించి ఆలోచించే అవసరమే రాదు.

గత ఐదేళ్లవే తీసుకోవాలా అని అడిగారు. కొన్ని కాలేజీల్లో అలా చెబుతారు. కొత్తవి తప్పక ఉండాలి, అంతవరకు నిజం. కానీ మీ విషయంలో ఎల్ సాల్వడార్ నుంచి 2002లో వచ్చిన తొలి వివరణ, శ్రీలంక తొలి పేపర్లు, పైన చెప్పిన ఉద్దానం సర్వేలు వదిలేస్తే కథ మధ్యలో మొదలైనట్టుంటుంది. "ఇవి పునాది పేపర్లు" అని ఒక వాక్యం రాసి ఉంచండి. మీ గైడ్‌కు కారణం చెబితే కాదనరు.

లోటు, అంటే మీ అధ్యయనం పూరించే ఖాళీ గురించి జాగ్రత్త. "దీని మీద ఎవరూ పరిశోధన చేయలేదు" అని రాయకండి. ఎగ్జామినర్ ఒక్క పేపరు చూపిస్తే వాక్యం కూలిపోతుంది. "నేను వెతికినంతలో" అనండి, ఎక్కడ వెతికారో చెప్పండి. ఇందుకే ఆ నోటుబుక్కు. "మా మండలంలో చేయలేదు" అన్నది ఒక్కటే కారణమైతే అది బలహీనం. ఆ మండలంలో చేస్తే కొత్తగా తెలిసేది ఏమిటో కూడా చెప్పాలి. అక్కడివాళ్లు పని తీరులోనో, తాగే నీటిలోనో, వలస వెళ్లడంలోనో వేరుగా ఉంటే అది రాయండి.

ఎన్ని పేపర్లు, ఎక్కడ ఆపాలి? కాలేజీ అంకె చెబితే అది పాటించండి. చెప్పకపోతే ఎమ్మెస్సీ స్థాయికి బాగా చదివిన 30 నుంచి 40 చాలని నా అభిప్రాయం. ఆపే గుర్తు వేరే ఉంది. కొత్త పేపరు తెరిచి దాని రిఫరెన్సులు చూస్తే అన్నీ మీ పట్టికలో ఉన్నవే కనిపిస్తుంటాయి, అది చెప్పే మాట మీ ఉపశీర్షికల్లో ఏదో ఒకదాని కింద ఇమిడిపోతుంటుంది. వరుసగా నాలుగైదు పేపర్లు అలా అయితే వెతకడం ఆపి రాయడం మొదలుపెట్టండి. మీకు పది రోజుల్లో ఆ స్థితి వస్తుంది. రాసే ముందు ఆ పట్టికను ప్రింటు తీసి గైడ్‌కు చూపించి, ఉపశీర్షికలు సరిపోయాయో లేదో అడగండి. చాప్టర్ మొత్తం రాసి తీసుకెళ్లాక మార్చమంటే ఇరవై రోజులు పోతాయి, పట్టిక దగ్గర మార్చమంటే ఒక సాయంత్రం పని.